చుట్టాల తలుపు

గిరావీన్, సిడ్నీ
ఆగస్టు 8, 1999

పూజ్యులైన పెదనాన్నగారికి, కొల్లిమెర్ల సంఘ కార్యదర్శిగారికి, చర్చి నూరేళ్ళ చరిత్ర గ్రంథకర్తగారికి (ముగ్గురూ మీరే కాబట్టి ఒక్క స్టాంపుతో సరిపోయింది) క్లారా నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. "ఆస్ట్రేలియాకీ ఇంగ్లండుకీ రాణిగారు ఒక్కరే కదమ్మా, ఓ ఆదివారం వెళ్ళి మన చర్చి కట్టించిన పిమ్ దొరగారి ఊరు చూసి, అక్కడి చర్చి చరిత్ర రాసుకురా" అన్నారు. వెళ్ళేదాన్నే. మధ్యలో ఒక రోజంతా విమానం ఎక్కి కూర్చోవాలని తెలిసి ఆగాను. రాణిగారు ఒక్కరే అయినా ఇళ్ళు బాగా దూరం దూరంగా పెట్టుకున్నారు.

అయినా మీ పని ఆగలేదు. కుర్చీలో ఉన్నారా? గట్టిగా పట్టుకోండి. పిమ్ దొరగారి ఊరికి వెబ్‌సైటు ఉంది!

ఊరి పేరు లిటిల్ ఎల్మ్‌బరీ. ఒక వీధి, ఒక పబ్బు, చుట్టూ గొర్రెలు, ఒక చర్చి. వెబ్‌సైటు నడిపేది డొరొతీ క్విల్ అనే ఆవిడ, రిటైరైన పోస్ట్‌మిస్ట్రెస్. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతిపోకుండా చూడమని ఆఫీసువాళ్ళు నాకు జీతం ఇస్తున్నారు. ఆ ఘనకార్యం లంచ్ దాకా చేసి, లంచ్‌లో పదమూడో శతాబ్దానికి వెళ్ళొచ్చాను. అప్పట్లో కట్టారు ఆ చర్చి. తర్వాత ప్లేగు వచ్చింది. బతికినవాళ్ళు ఊరిని అర మైలు అవతలికి మార్చుకున్నారు. చర్చి మాత్రం నేను రానని అక్కడే నిలబడింది. ఇప్పటికీ పొలాల మధ్య ఒక్కత్తే ఉంది, అలిగిన ఆడపడుచులా.

సాయంత్రం ఇంట్లో ఫోటో తెరిచాను. ఇక్కడి ఇంటర్నెట్టులో బొమ్మ పైనుంచి కిందికి పాకుతూ దిగుతుంది. ముందు కప్పు వచ్చింది. తర్వాత కిటికీలు. నాతో ఉండే ఫరహ్ (హైదరాబాద్ పిల్ల, మీకు రాశాను, బిర్యానీ విషయంలో తప్ప మంచిది) వెనకనుంచి చూసి, "అరే, ఇది మీ ఊరి చర్చే గద. నీ గోడ మీదున్న ఫోటోనే మళ్ళ కంప్యూటర్ల గూడ చూసుకుంటున్నవా? ఇంత బెంగైతె ఇంటికి పో!" అంది.

పెదనాన్నా, అదే చర్చి! అచ్చం అదే! దొరగారు కొలతలు జేబులో పెట్టుకుని ఓడెక్కి ఉంటారు. మన కప్పు అంత ఏటవాలుగా ఎందుకుందో తెలిసిందా? మంచు జారిపోవడానికి. నూరేళ్ళుగా కృష్ణా జిల్లా ఎండలో మన కప్పు మంచు కోసం ఎదురుచూస్తోంది. పెద్ద గుమ్మం పక్కన ఇనపపట్టీ ఉందే, నేనూ అక్కా వరసగా మోకాళ్ళు చెక్కుకున్నది, అది బూట్ల బురద గీక్కోవడానికట. చెప్పులే లేని ఊళ్ళో!

ఇంకో సంగతి మీ గ్రంథంలో తప్పకుండా రాయండి. మన పునాదిరాయి మీద సంవత్సరం "99" అని రెండే అంకెలు చెక్కారు. ఇక్కడ కంప్యూటర్లలో మేం కోట్లు పోసి బాగుచేస్తున్న జబ్బు అదే. కొల్లిమెర్ల ప్రపంచానికి నూరేళ్ళు ముందుంది.

అక్క జాగ్రత్త. నెలలు నిండుతున్నప్పుడు చర్చి మెట్లు ఊడవొద్దని చెప్పండి.

మీ ముద్దుల పరిశోధకురాలు,
క్లారా

---

కొల్లిమెర్ల
29-8-99

చిరంజీవి క్లారాకు పెదనాన్న సుందర్ రాజు దీవించి వ్రాయునది.

ఇక్కడ అందరం ప్రభువు కృపవల్ల క్షేమం. నీ లేఖ కమిటీలో చదివాను. ఆనందం పట్టలేకపోయారు. పునాదిరాయి జబ్బు గురించి మాత్రం మన కాంట్రాక్టరు ఆశీర్వాదం గారు కంగారుపడి, రాయి మార్చాలేమో, ఎంతవుతుందో అని అప్పుడే లెక్క వేశారు. అది పరిహాసమని నేను సర్దిచెప్పాను. అమ్మా, పరిహాసాలకు కింద గీత గీస్తే మాకు సులువు.

పై విషయమై ఒక ప్రశ్న. మన చర్చికి ఉత్తరపు గోడలో చిన్న తలుపు ఎందుకు పెట్టారు? బాప్తిస్మం రోజున తప్ప దాన్ని తెరవం. ఎందుకు తెరుస్తామో ఎవరికీ తెలియదు, దొరగారి కాలంనుంచీ ఆనవాయితీ. ఊళ్ళో దాన్ని చుట్టాల తలుపు అంటారు, నీకు తెలిసిందే. లోపలికి రాని బంధువులు ఆ గడప అవతల నిలబడి చూస్తారు. నీళ్ళు చల్లగానే బిడ్డను ముందు వాళ్ళ చేతికే ఇస్తాం. నీ బాప్తిస్మానికీ, మీ అక్క మరియరాణి బాప్తిస్మానికీ మీ అమ్మమ్మ శ్యామసుందరి గారే అక్కడ అందుకున్నారు. ఆమె కూతురు, అంటే మీ అమ్మ, నా తమ్ముణ్ణి చేసుకున్ననాడు ఆమె కోసమే ప్రత్యేకంగా తెరిచాం, అప్పుడూ అక్కడే నిలబడ్డారు. గుడికి వెళ్ళే మనిషి, చర్చిలోకి రారు. కానీ రాకుండా ఉండరు.

మరియరాణి బిడ్డ కోసం అప్పుడే పాత చీరలతో బొంత మొదలుపెట్టారు. మీ ఇద్దరికీ కుట్టినట్టే. మీ అమ్మ చీర ఒకటి దాచి ఉంచారట, అది మధ్యలో వేస్తున్నారు.

తలుపు సంగతి ఆ డొరొతీ గారిని అడుగు. గ్రంథంలో ఆ అధ్యాయం ఖాళీగా ఉంది.

దీవెనలతో,
పెదనాన్న

---

గిరావీన్
సెప్టెంబరు 14

పెదనాన్నా! పెదనాన్నా! పెదనాన్నా!

రహస్యం బద్దలైంది. డొరొతీ గారి జవాబు ఈ మధ్యాహ్నమే వచ్చింది. దాన్ని ప్రింటు తీసుకుని రైల్లో చదువుతూ మా స్టేషనులో దిగడం మర్చిపోయి బ్లాక్‌టౌన్ దాకా పోయాను. అక్కడ దిగి, మళ్ళీ చదువుతూ, ఎదురుదిక్కు రైలు కూడా వదిలేశాను.

అది సైతాను తలుపు!

నిజం. వాళ్ళ ఊళ్ళో నాలుగైదు వందల ఏళ్ళ కిందట బిడ్డకి బాప్తిస్మం ఇస్తుంటే ఉత్తరపు తలుపు తెరిచేవారట, బిడ్డని వదిలిన సైతాను అందులోంచి పారిపోవడానికి. వాడు పోగానే దభాల్న మూసేసేవారు. ఇది నిజమా, జనం అల్లుకున్నదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారట. కొట్టుకోనివ్వండి, మనకి అధ్యాయం దొరికింది. తర్వాత్తర్వాత వాళ్ళు ఆ తలుపుని ఇటుకలతో పూడ్చేశారు. ఇప్పుడు గోడ మీద కమాను ఆకారం మాత్రం కనిపిస్తుంది. ఎల్మ్‌బరీలో మూసేసిన తలుపు కొల్లిమెర్లలో ఇంకా తెరుస్తున్నారని చెబితే డొరొతీ గారు కుర్చీలోంచి లేచి కుక్కకి చెప్పారట, ఇంట్లో ఇంకెవరూ లేక.

ఇక ఆలోచించండి. మా అమ్మమ్మ పాతికేళ్ళుగా సరిగ్గా సైతాను పోయే దారికి అడ్డంగా నిలబడింది! నా సైతాను ఎంత ఇబ్బంది పడి ఉంటాడో. "అమ్మా, కొంచెం తప్పుకుంటారా" అని ఉంటాడు. "ఉండవయ్యా, పిల్లని ఎత్తుకోనీ" అని ఉంటుంది. వాడు సిగ్గుపడి వెనక్కి, అంటే నాలోకే, వచ్చేసి ఉంటాడు. నా గుణగణాలకి ఇప్పటికి శాస్త్రీయ కారణం దొరికింది.

ఇది ఇట్లాగే అచ్చు వేయండి!

క్లారా

తా.క. కింద గీత గీయడం మర్చిపోయాను. మీకు తెలుస్తుందిలెండి.

---

కొల్లిమెర్ల
10-10-99

చిరంజీవి క్లారాకు,

రెండు శుభవార్తలు.

ఒకటి. మరియరాణికి మగబిడ్డ, తల్లీబిడ్డా క్షేమం. ఏతాన్ అని పేరు పెట్టారు. నూరేళ్ళ పండుగనాడే, అనగా జనవరి 2 ఆదివారం, బాప్తిస్మం.

రెండు. నీ పరిశోధన ఘనవిజయం పొందింది. నీ లేఖ ఆరాధన అయ్యాక సంఘమంతటికీ చదివి వినిపించాను. ఆశీర్వాదం గారు లేచి, "సైతానుకు ప్రత్యేకంగా తలుపేంటండీ మన చర్చికి? పెట్టిన దేశంవాళ్ళే పూడ్చేసుకుంటే మనం ఇంకా గొళ్ళెం తీస్తన్నామా?" అన్నారు. సంఘం చప్పట్లు కొట్టింది. పండుగలోపు ఆ తలుపు తీసేసి ఇటుకలతో పూడ్చాలనీ, ఆ గోడకు ఆనించి జనరేటరు గది కట్టాలనీ తీర్మానం జరిగింది. తీర్మానంలో నీ పేరు కూడా వేశాం. నూరేళ్ళలో పిల్లలు చెప్పిన మాట మీద సంఘం తీర్మానం చేయడం ఇదే మొదలు. నాకు గర్వంగా ఉంది.

మీ అమ్మమ్మగారు బొంత కుట్టడం ఆపి అటక మీద పెట్టేశారని మరియరాణి చెప్పింది. కళ్ళు ఆనడం లేదేమో. అక్కడ మంచి కళ్ళజోళ్ళు దొరుకుతాయేమో చూడు.

దీవెనలతో,
పెదనాన్న

---

గిరావీన్
అక్టోబరు 24

పెదనాన్నా,

ముందు ఏతాన్‌కి ముద్దులు. అక్కకి ముద్దులు. ఇక్కడ ఆఫీసులో కేకు కోశాను. మా మేనేజరు "గుడ్ ఆన్ యా" (ఇక్కడి శభాష్) అంటూ రెండు ముక్కలు తిన్నాడు.

ఇప్పుడు ఈ కింద ఉన్నది పరిహాసం కాదు. కాదని గీత గీస్తున్నాను, మూడు గీతలు.

ఆ తలుపు మూయొద్దు!

అమ్మమ్మ కళ్ళు బాగానే ఉన్నాయి. వీధి చివర ఎవరింటి కోడి ఎవరి పెరట్లో దూరిందో అరుగు మీంచి చెప్పగలదు. ఆవిడ ఎక్కడ నిలబడిందో అది సైతాను దారి అని సంఘం మొత్తానికీ మైకులో చదివారు. రాసింది నేను. చదివింది మీరు. చప్పట్లు కొట్టింది ఊరు. పోనీ, ఆవిణ్ణి ఎవరైనా ఒక్క మాట అడిగారా?

ఫరహ్‌కి చెబితే నెత్తి కొట్టుకుంది. "మా తాన దర్గాకి అందరొస్తరు. ఏ తలుపులకెళ్ళి వచ్చినవని ఎవరన్న అడుగుతరా? నువ్వు జోకులేసి ముసలామె జాగ పోగొట్టినవ్ కదనే!" అంది.

ఆపండి పెదనాన్నా. ఏతాన్‌ని ఎవరి చేతికి ఇస్తారు? జనరేటరుకా?

క్లారా

---

కొల్లిమెర్ల
21-11-99

క్లారాకు,

నీ లేఖ చదివాను. నువ్వు వ్రాసినదే నేను చదివాను, ఒక్క అక్షరం చేర్చలేదు. అచ్చు వేయమన్నది నువ్వే. ఇప్పుడు మూడు గీతలు గీసి నన్ను నిలదీస్తున్నావు. అరవై నాలుగేళ్ళ వయసులో, ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసిన నాకు, ఏది పరిహాసమో ఏది పరిశోధనో తెలియకపోవడం నా తప్పే కావచ్చు.

తీర్మానం తీర్మానమే. కార్యదర్శిని నేనే దాన్ని కాదంటే రేపు సంఘంలో ఏ తీర్మానానికి విలువ ఉంటుంది? ఆశీర్వాదం గారు పని మొదలుపెట్టారు. తలుపు ఊడదీశారు. గోడ నడుం ఎత్తు లేచింది. అంతలో వరికోతలు వచ్చి తాపీమేస్త్రీ చేలోకి పోయాడు. కోతలు కాగానే మిగతాది పూర్తిచేస్తారు.

మీ అమ్మమ్మగారింటికి మరియరాణి బిడ్డను తీసుకెళ్ళింది. ఎత్తుకున్నారట, ముద్దుపెట్టుకున్నారట. బాప్తిస్మానికి మాత్రం రానన్నారట. "నాకు నిలబడే చోటెక్కడుందే" అన్నారట.

ఆ మాట విన్నాక నాకూ అన్నం సహించలేదు. కానీ నేనేం చేయగలను, చెప్పు.

పెదనాన్న

---

గిరావీన్
డిసెంబరు 5

పెదనాన్నా,

మీరు కోపంగా ఉంటే "చిరంజీవి" తీసేస్తారని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పరీక్షలో లెక్కల మార్కులు దిద్దుకున్నప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి. తప్పు మీది కాదు, నా నోటిది. అమ్మా నాన్నా పోయాక మమ్మల్ని పెంచింది మీరు. మీతో కాక ఎవరితో దెబ్బలాడతాను?

"ఏం చేయగలను" అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. తీర్మానం జోలికి పోకండి. అమ్మమ్మ ఇంటికి వెళ్ళండి.

మీరు ఏటా క్రిస్మస్ కేకు పట్టుకెళ్తారు. అరుగు కింద నిలబడతారు. ఆవిడ గడప లోపల్నుంచి మంచినీళ్ళు ఇస్తుంది. తాగి, "బాగున్నారా అత్తయ్యగారూ" అని, వచ్చేస్తారు. మా అమ్మ పెళ్ళినాటినుంచీ అంతే. ఆవిడ లోపలికి రమ్మనలేదు, మీరు వస్తాననలేదు. ఈసారి లోపలికి వెళ్ళండి. ఆవిడ ఎన్నిసార్లు మన గడప దగ్గరికి వచ్చిందో మీకు తెలుసు కదా. బాకీ అంటే బాగుండదు, కానీ ఒక్కసారైనా మన వంతు.

సెలవు దొరకదు. కొత్త సంవత్సరం రాత్రి సిడ్నీ అంతా హార్బరు దగ్గర బాణసంచా చూస్తుంటే నేను కంప్యూటరు ముందు కూర్చుని అది 1900 అనకుండా చూడాలి. లేకపోతే ఈ మాట చెప్పడానికి నేనే వచ్చేదాన్ని.

డొరొతీ గారికి జరిగినదంతా రాశాను. ఆవిడ ఏమంటుందో తెలియదు.

మీ క్లారా
(ఎక్కడా గీతలు లేవు, వెతక్కండి)

---

కొల్లిమెర్ల
4-1-2000

చిరంజీవి, చిరంజీవి క్లారాకు,

బాకీ ఉన్నది కూడా కలిపి రెండుసార్లు వ్రాశాను.

ప్రపంచం అంతం కాలేదు. మీ కంప్యూటర్లు ఎట్లా ఉన్నాయి? మన చర్చి గడియారం ఎప్పటిలాగే నాలుగుంబావు చూపిస్తోంది. దానికి ఏ జబ్బూ రాలేదు.

క్రిస్మస్ మర్నాడు కేకు పట్టుకుని వెళ్ళాను. ఆమె మంచినీళ్ళు తెచ్చారు. నేను గ్లాసు అందుకోకుండా, "అత్తయ్యగారూ, లోపల కూర్చుని తాగుతానండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె గ్లాసు వెనక్కి తీసుకున్నారు. పక్కకు జరిగారు. అంతే. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

ఏం మాట్లాడాలో నాలుగురోజులు రాసుకున్నాను. అంతా మర్చిపోయాను. "పిల్ల తమాషాకు రాసింది, నేను మైకులో చదివాను, మీరు బాధపడ్డారు" అన్నాను.

"సైతాను మాటకి నేనెందుకు బాధపడతానయ్యా?" అన్నారు. "ఇన్నేళ్ళు నిలబడ్డాను, ఒక్కసారీ ఎదురుపడలేదు. మీ దగ్గర అసలు ఉన్నాడో లేడో కనుక్కోండి. తలుపు మూసేత్తన్నారని కోడి కూసినట్టు ఊరంతా కూశారు, నాకు మాత్రం ఒక్కరూ చెప్పలా. నా కూతురు పెళ్ళికూతురిగా నా చెయ్యి వదిలింది ఆ గడప మీదే."

అటకవైపు చూసి, పీట వేసుకుని ఎక్కాను. "దిగవయ్యా, పడతావు! ఈ వయసులో ఆ ఎక్కడమేంటి!" అని ఆమె కిందనుంచి పీట పట్టుకున్నారు. బొంత దింపాను. ఒక మూల ఇంకా కుట్టాలి. "ఆదివారానికి అవుద్దా?" అన్నాను. "నా కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి" అన్నారు. కళ్ళజోడు సంగతి ఆమెకు ఎవరు చెప్పారో!

ఆదివారం సంఘం కిక్కిరిసింది. ఏతాన్ కప్పు ఎగిరేటట్టు ఏడ్చాడు. పాస్టరుగారు నీళ్ళు చల్లి, అలవాటు కొద్దీ ఉత్తరం వైపు తిరిగారు. తలుపు లేదు. నడుం ఎత్తు గోడ ఉంది. దాని అవతల మీ అమ్మమ్మగారు కొత్త నేతచీర కట్టుకుని, బొంత చేతుల మీద పరిచి నిలబడ్డారు. కార్యదర్శి అయిన నేను, తీర్మానం మీద సంతకం పెట్టిన నేను, పాస్టరుగారి చేతిలోంచి బిడ్డను తీసుకుని గోడ మీదుగా అందించాను. ఆమె చేతుల్లోకి వెళ్ళగానే ఏడుపు ఆపాడు. పెద్దవాడయ్యాక నీలా తయారవుతాడని నా అనుమానం.

ఆశీర్వాదం గారు గబగబా వచ్చారు. గొడవ అవుతుందనుకున్నాను. గోడ మీద చెయ్యి వేసి రుద్ది, "ఇటిక మొన గుచ్చుకుంటదండీ బిడ్డకి. పైన కడప రాయి పలక ఏయిస్తా, నున్నగా ఉంటది" అన్నారు. "మరి జనరేటరు?" అన్నాను. "దక్షిణం గోడకేమయింది?" అన్నారు. తీర్మానం ఇంకా తీర్మానమే. పూర్తి కాలేదు, అంతే. ఎప్పటికి పూర్తవుతుందో పుస్తకంలో వ్రాయలేదు.

దీవెనలతో,
పెదనాన్న

---

గిరావీన్
జనవరి 20, 2000

పెదనాన్నా!

మీ ఉత్తరం ఫరహ్‌కి చదివి వినిపించాను. అటక ఎక్కిన చోట తను చప్పట్లు కొట్టింది. గోడ మీదుగా అందించిన చోట ఇద్దరం వంటింట్లోకి వెళ్ళి, చేయడానికి పనేమీ లేక టీ పెట్టుకున్నాం. మా కంప్యూటర్లు బాగున్నాయి. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూసినందుకు ఆఫీసువాళ్ళు మాకు పెరట్లో బార్బీ పెట్టారు. అంటే ఎండలో నిలబడి సాసేజీలు మాడ్చుకోవడం.

అసలు వార్త అది కాదు. కూర్చోండి. పీట మీద మాత్రం కాదు.

మీ ఉత్తరమంతా ఇంగ్లీషులో రాసి డొరొతీ గారికి పంపాను. ఆవిడ దాన్ని ఎల్మ్‌బరీ చర్చిలో చదివారట. మైకు లేదు, ఆ ఊళ్ళో అందరికీ ఆవిడ గొంతే వినిపిస్తుందట. వాళ్ళ ఊళ్ళోనూ ఇప్పుడు లోపలికి రానివాళ్ళే ఎక్కువట. పెళ్ళికీ బాప్తిస్మానికీ వచ్చి సమాధుల మధ్య చలిలో నిలబడి, ఎటు చూడాలో తెలియక కార్లవైపు చూస్తుంటారట. అందుకని పూడ్చేసిన ఉత్తరపు తలుపు ఇటుకలు తీయిస్తామంటున్నారు. మొత్తం కాదు, సగం. కొల్లిమెర్లలో ఉన్నంత. దానికి పైఅధికారుల అనుమతులు కావాలట, ఏళ్ళు పట్టినా పడుతుందట, ఆ వివరం వింటే మీ రిజిస్ట్రారు ఆఫీసుకి కూడా కళ్ళనీళ్ళు వస్తాయి. కానీ అర్జీ పెట్టేశారు!

అర్జీతో జతచేయడానికి మన గోడ ఎత్తు ఎంతో కచ్చితంగా కావాలని అడిగారు. నూరేళ్ళ కిందట పిమ్ దొరగారు కొలతలు అక్కణ్ణుంచి తెచ్చారు. ఇప్పుడు మన ఊరి నుంచి అక్కడికి వెళ్ళాలి.

ఆశీర్వాదం గారు టేపు తీస్తారు, వద్దనండి. అమ్మమ్మని తీసుకెళ్ళి గోడ అవతల నిలబెట్టండి. ఏతాన్‌ని అందుకోడానికి ఎట్లా చేతులు చాపిందో అట్లా చాపమనండి. ఆ మోచేతుల కింద నేల దాకా ఎంతుందో కొలిచి పంపండి.

మీ క్లారా